వర్షారణ్యపు నీడలో సింగళీకం

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినదని మన పెద్దలు ఒక సామెత చెప్పారు. తలపెట్టినది ఒకటి, చేతికి వచ్చినది వేరొకటి అయినప్పుడు ఈ సామెతను వాడుకొంటాము. పడమటి కనుమల వర్షారణ్యాలలో కెమెరా పట్టుకొని తిరిగేవారి అవస్థకు ఈ సామెత కూడ చాలదు. వారు చేయబోయేది కోతినే. కాని చేతికి వచ్చేది కోతి కాదు, తెల్లని ఆకాశానికి అడ్డంగా పడిన ఒక నల్లని మచ్చ. ఆ మచ్చకు కాళ్ళున్నవని తెలుస్తుంది, తోక ఉన్నదని తెలుస్తుంది. ముఖం ఉండదు, కన్ను ఉండదు. రోజంతా జలగల నడుమ నిలబడి, మెడ నిక్కించి చూచి చూచి తీసిన చిత్రాలలో నూటికి తొంబై ఈ విధంగానే ముగుస్తాయి.

ఆ కోతి పేరు సింగళీకం. వానరసేనను వర్ణించే మన కథకుల నోట కొండముచ్చులతో జంటగా ఈ మాట వినబడుతూ ఉంటుంది. కన్నడిగులు నేటికీ ఇదే మాటను, సింగళీకమని, ఈ ఒక్క జంతువుకే వాడుతున్నారు. తెలుగువారికి మాట మిగిలినది. జంతువు మాత్రం కర్ణాటక, కేరళ, తమిళనాడు రాష్ట్రాలకు చెందిన పడమటి కనుమలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. 1758లో లిన్నేయస్ తన జంతువుల పట్టికలో దీనికి సైలీనస్ అనే పేరును చేర్చాడు. ఒళ్ళంతా నల్లని నిగనిగలాడే బొచ్చు, నల్లని ముఖం, ఆ ముఖం చుట్టూ వెండివన్నె జూలు, తోక కొసను సింహపు తోకకు ఉన్నట్లు చిన్న కుచ్చు. చూచిన వారందరూ జూలును బట్టి సింహమన్నారని అనుకొంటారు గాని, మలయాళ తమిళ భాషలలోని పేర్లు తోకను బట్టి వచ్చినవే. మగది ఇంచుమించు 5 మొదలు 10 కిలోల వరకు తూగుతుంది. బ్రతుకంతా ఎత్తైన చెట్ల కొమ్మల మీదనే. నేలకు దిగడం దానికి స్వభావసిద్ధం కాదు.

అదే అడవిలో, అవే చెట్ల మీద, మరొక నల్లకోతి కూడ ఉన్నది. అది నీలగిరి కొండముచ్చు. దాని ఒళ్ళు నలుపే గాని తల మీద వెంట్రుకలు గోధుమవన్నె. తోక సన్నగా, పొడుగుగా వ్రేలాడుతూ ఉంటుంది, కుచ్చు ఉండదు. చేరువ నుండి చూచిన వానికి ఈ రెండింటికీ పోలికే లేదు. కాని ఆకాశం వెనుకనుండగా తీసిన చిత్రంలో రెండూ ఒకటే మసిబొమ్మ. కనుక ఆ మసిలో నుండి ముఖాన్ని బయటకు తీయడం కేవలం అందం కోసం పడే తాపత్రయం కాదు. వెండి జూలు ఉన్నదా, గోధుమ తల ఉన్నదా అని తేలితే తప్ప, ఆ చిత్రం ఏ జంతువునకు సాక్ష్యమో చెప్పడానికి వీలు లేదు. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నదని ప్రకృతి సంరక్షకులు పట్టిక కెక్కించిన ఈ జంతువు విషయంలో సాక్ష్యానికి విలువ ఎక్కువ.

అడవిలో వెలుతురు ఎంత తక్కువో ఊరికే చెబితే మనసుకు పట్టదు. బడిపిల్లలు కూడ చేయదగిన లెక్క ఒకటి ఉన్నది. కెమెరాలో వెలుతురును రెట్టింపు చేసినా, సగం చేసినా దానిని ఒక మెట్టు అంటారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఐ.ఎస్.ఓ. 100 అనే వేగం గల ఫిలిం వేసుకొన్నవాడు, కటకం ద్వారాన్ని ఎఫ్ 16 వద్ద ఉంచి, సెకనులో 125వ వంతు కాలం షట్టరు తెరిస్తే చిత్రం సరిగా వస్తుంది. ఇది ఛాయాగ్రాహకులు ఎంతో కాలంగా నమ్ముకొన్న సూత్రం. ఇక దట్టమైన వర్షారణ్యపు చెట్ల పందిరి క్రిందికి వద్దాము. పైన పడిన వెలుతురులో నేలకు చేరేది సాధారణంగా నూటికి రెండు పాళ్ళు మాత్రమే, ఒక్కొక్కచోట అంతకంటె తక్కువ. నూరును సగం చేయండి, యాభై. మళ్ళీ సగం, ఇరవైఐదు. అలా ఆరు సార్లు సగం చేస్తే ఒకటిన్నర దాటి కొంచెం మిగులుతుంది. అనగా అడవిలో అడుగుపెట్టగానే ఆరు మెట్లు దిగిపోయినామన్నమాట. కటకం ద్వారాన్ని 16 నుండి 11కు, 8కి, 5.6కు తెరిస్తే మూడు మెట్లు తిరిగి ఎక్కవచ్చు. మిగిలిన మూడు మెట్లకు షట్టరును సెకనులో 15వ వంతు కాలం తెరచి ఉంచవలసి వస్తుంది. ఆ సమయంలో కోతి ఒక్కసారి తల త్రిప్పినదా, ముఖం అలికిన ముగ్గే. పైగా దూరపు కటకం చేతిలో వణుకుతూనే ఉంటుంది. 400 మిల్లీమీటర్ల కటకానికి సెకనులో 400వ వంతుకు తక్కువ కాని వేగం కావాలని అనుభవజ్ఞులు అంటారు. 15వ వంతు నుండి 500వ వంతుకు పోవాలంటే ఇంకా ఐదు మెట్లు కావలె. ఆ ఐదు మెట్లనూ ఐ.ఎస్.ఓ.లో ఎక్కితే 100 కాస్తా 3200 అవుతుంది.

కోతి నేల మీద కాక కొమ్మ మీద ఉంటుంది గదా, అక్కడ వెలుతురు ఎక్కువ కాదా అని ఎవరైనా అడగవచ్చు. ఎక్కువే. కాని అక్కడ దాని వెనుక ఆకాశం ఉంటుంది, ఆ వెలుతురు కోతి మీద కాక చూచేవాని కంట్లో పడుతుంది.

1961లో వచ్చిన కొడాక్రోమ్ రంగుల ఫిలిం వేగం 25 మాత్రమే. దానితో పై లెక్క వేస్తే సెకనులో నాలుగవ వంతు కాలం కోతి కదలకుండా కూర్చోవలె! అందుచేతనే నాటివారు అడవిలో నలుపు తెలుపు ఫిలింనే ఎక్కువగా ఆశ్రయించారు. 1954లో చిన్న కెమెరాలకు వచ్చిన ట్రై-ఎక్స్ ఫిలిం వేగం మొదట 200, కొన్నేళ్ళకు దానినే 400గా లెక్కించారు. మదరాసులో నివసించి, దక్షిణదేశపు అడవులను కాలినడకను, ఏనుగు మీద తిరిగిన ఎం. కృష్ణన్ (1912–1996) నలుపు తెలుపు చిత్రాలకే పేరు పొందినవాడు. రకరకాల భాగాలను తానే జోడించి కట్టుకొన్న తన కెమెరాకు ఆయన సూపర్ పాండెరోసా అని పేరు పెట్టుకొన్నాడు. 1950 నుండి మరణించేవరకు ఒకే పత్రికలో ప్రకృతిని గురించి వ్రాస్తూ వచ్చిన మనిషి ఆయన. జంతువు చిత్రంలో అందంగా ఉండడం కంటె ఆ జంతువుగా కనబడడం ముఖ్యమని ఆయన చిత్రాలు చూచినవారికి తెలుస్తుంది.

ఇక కెమెరా చేసే పొరపాటు వేరు. వెలుతురును కొలిచే మీటరుకు బుద్ధి లేదు. దాని ముందున్నది ఏదైనా సరే, సగటున అది బూడిదరంగు వస్తువే అనుకొని లెక్క కడుతుంది. ఆకాశం ఎక్కువగా కనబడితే, అబ్బో వెలుతురు మిక్కుటమని భ్రమించి మొత్తాన్నీ చీకటి చేస్తుంది, కోతి బొగ్గవుతుంది. కోతి దగ్గరగా వచ్చి చట్రమంతా నల్లబొచ్చే నిండితే, అయ్యో చీకటి అని అదే మీటరు వెలుతురును పెంచుతుంది. నల్లకోతి బూడిద కోతి అవుతుంది. వెండి జూలు తెల్లగా కాలిపోయి అందులోని వెంట్రుకల గీతలు మాసిపోతాయి. కనుక మొదటి సందర్భంలో మీటరు చెప్పిన దానికంటె ఒకటి రెండు మెట్లు ఎక్కువ, రెండవ సందర్భంలో ఒక మెట్టు తక్కువ పెట్టుకోవడం తెలిసినవారి పద్ధతి. ఆకాశం కాలిపోతే పోనీ; ఆకాశం చూడడానికి ఎవరూ వర్షారణ్యానికి రారు. అసలు ఎండ లేని రోజే ఈ పనికి మంచి రోజు. ఎండ కాచిన వేళ ఆకుల సందులలో నుండి దూరిన వెలుగు మచ్చలు కోతి మీద చిరుతపులి మచ్చలవలె పడతాయి. మబ్బు పట్టిన ఉదయాన ఆకాశమంతా ఒక పెద్ద గుడ్డ దీపమై, నీడకూ వెలుగుకూ ఉన్న అగాధాన్ని పూడ్చివేస్తుంది. వాన వెలిసిన అరగంట ఇంకా మంచిది. తడిసిన బొచ్చు మీద ప్రతి పాయ విడివిడిగా మెరుస్తుంది.

మనిషి కన్ను మాత్రం ఈ చీకటిలోనూ ముఖాన్ని చూడగలుగుతున్నదే, కెమెరా ఎందుకు చూడలేదు? కన్ను ఒక్కసారిగా అంతా చూడదు. ఆకాశం చూచినప్పుడు కుంచించుకొని, కోతి ముఖం చూచినప్పుడు విప్పారి, ఆ ముక్కలన్నిటినీ మెదడు ఒక చిత్రంగా కుట్టుకొంటుంది. కెమెరాకు ఒక్క చూపే ఉన్నది. నాటి రంగుల స్లయిడు ఫిలిం ఒక్క చూపులో అయిదారు మెట్ల తేడాను పట్టుకొనేది. నేటి మంచి కెమెరాలు పన్నెండు, పధ్నాలుగు మెట్ల వరకు పట్టుకొంటాయి. అయితే ఐ.ఎస్.ఓ.ను ఒక్కొక్క మెట్టు పెంచిన కొద్దీ ఈ శక్తి కూడ ఇంచుమించు ఒక్కొక్క మెట్టు చొప్పున తగ్గుతూ వస్తుంది. 3200 వద్ద ఉన్నవానికి ఆ పధ్నాలుగు మెట్లు దక్కవు.

ఈ తగ్గుదలకు కారణం తెలుసుకోదగినది. వెలుతురు నీటివలె ధారగా రాదు, చినుకుల వలె రేణువులుగా వస్తుంది. వాకిట్లో వరుసగా వంద గిన్నెలు పెట్టి, సన్నని తుంపరలో ఒక్క క్షణం ఉంచి తీసివేశామనుకోండి. సగటున గిన్నెకు తొమ్మిది చినుకులు పడితే, ఒకదానిలో ఆరే ఉండవచ్చు, మరొకదానిలో పన్నెండు ఉండవచ్చు. తేడా సుమారు మూడు, అనగా తొమ్మిదికి వర్గమూలం. మూడవ వంతు తప్పు! అదే జడివానలో గిన్నెకు తొమ్మిది వందల చినుకులు పడితే తేడా ముప్పై. తప్పు ముప్పయ్యవ వంతు మాత్రమే. కెమెరా లోపల ఈ గిన్నెలు కోట్ల కొలది ఉన్నవి. అడవి నీడలో వాటిలో పడేది తుంపరే. చిత్రంలో కనబడే ఇసుక చల్లినట్లుండే రవ్వకు మొదటి మూలం ఇది. ఐ.ఎస్.ఓ. పెంచడమంటే వానను పెంచడం కాదు. గిన్నెలోని నీటిని కొలిచే గీతను సాగదీయడం. నీటితో పాటు తప్పు కూడ సాగుతుంది.

ఇక్కడి నుండి ఇంటికి వచ్చి చేసే పని మొదలవుతుంది. పూర్వం అది చీకటి గదిలో జరిగేది. ఎన్‌లార్జరు దీపం క్రింద కాగితం ఉంచి, నల్లబడకూడని చోట చేతి నీడ అడ్డం పెట్టి, తెల్లగా ఉన్నచోట మరి నాలుగు క్షణాలు వెలుతురు పోసి, ముఖాన్ని నీడలో నుండి కొంచెం కొంచెంగా పైకి తెచ్చేవారు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ నెగెటివును సంగీతపు స్వరలిపితోను, ప్రింటును కచేరీతోను పోల్చాడు. స్వరం కట్టినవాడొకడు, పాడేవాడొకడు అయినా కృతి మారదు గదా. నేడు ఆ చీకటి గది పోయి కంప్యూటరు వచ్చినది, పని మాత్రం అదే.

కెమెరా పట్టిన వెలుతురును దిద్దకుండా అట్టే పెట్టే రా ఫైలు ఈ పనికి ఆధారం. మంచి కెమెరాలలో అది వెలుతురును 16,384 అంతస్తులుగా విభజించి దాచుతుంది. కెమెరాయే దిద్ది ఇచ్చే జేపెగ్ చిత్రంలో ఒక్కొక్క రంగుకు 256 అంతస్తులే. చూడడానికి రెండూ ఒకటిగానే ఉంటాయి. కాని నీడలోని ముఖాన్ని మూడు మెట్లు పైకి లేపవలసి వచ్చినప్పుడు, రెండవదానిలో లేపడానికి ఏమీ మిగిలి ఉండదు. నలుపు చారలు చారలుగా విరిగిపోతుంది.

తరువాతది రంగు. ఆకులు ఎరుపును, నీలాన్ని త్రాగివేసి పచ్చదనాన్ని క్రిందికి వదులుతాయి. అందువలన అడవి నీడలోని ప్రతి వస్తువు మీదా ఒక పచ్చని పూత ఉంటుంది. సింగళీకపు జూలు ఆ పూతలో పాచి పట్టినట్లు కనబడుతుంది. అదృష్టవశాత్తు ఆ జూలే దానికి విరుగుడు కూడ. అది నిజంగా బూడిదవన్నె కనుక, కంప్యూటరుకు ఆ చోటు చూపి, ఇది బూడిదరంగు అని చెబితే మిగిలిన రంగులన్నీ తమ తమ తావులకు వస్తాయి. అయితే పూర్తిగా దిద్దితే మరొక చిక్కు. అడవి అడవిలా ఉండదు. కోతిని పట్టుకొచ్చి ఫోటో స్టూడియోలో కూర్చోబెట్టినట్లు ఉంటుంది. పచ్చదనాన్ని సగం తీసి సగం ఉంచేవారే ఆ వెలుతురును ఎరిగినవారు.

దిద్దడం మొదలుపెట్టిన చెయ్యి ఆగదు. నీడను లేపుతారు, మరికొంచెం లేపుతారు, రవ్వ తేలుతుంది. రవ్వను తుడుస్తారు, బొచ్చు మైనపు ముద్ద అవుతుంది. బొచ్చును పదును పెడతారు. ప్రతి వెంట్రుక చుట్టూ తెల్లని అంచు లేస్తుంది. కోతి పుండు బ్రహ్మరాక్షసి అన్నది ఇటువంటి చోటనే. పైగా ఇప్పుడు రవ్వను తుడిచే యంత్రాలు చాల తెలివైనవి వచ్చాయి. అవి లక్షలాది చిత్రాలు చూచి నేర్చుకొన్నవి. మసకగా ఉన్నచోట వెంట్రుకలు ఎట్లా ఉండవచ్చునో ఊహించి అల్లగలవు. చూడముచ్చటగానే అల్లుతాయి. కాని అది ఆ కోతి వెంట్రుక కాదు, కోతులకు సామాన్యంగా ఉండే వెంట్రుక. మందలోని కోతులను ముఖపు గుర్తులను బట్టి, గాయపు మచ్చలను బట్టి పోల్చుకొనే పరిశోధకునికి ఈ రెండింటికీ హస్తిమశకాంతరం. చీకటిలో ఉన్నదానిని వెలికి తీయడం ఒకటి, చీకటిలో లేనిదానిని అక్కడ పెట్టడం వేరొకటి. లండన్ ప్రకృతి చరిత్ర మ్యూజియం వారు ఏటా జరిపే వన్యప్రాణి ఛాయాచిత్రాల పోటీలో వెలుతురును, రంగును మితంగా దిద్దుకోవచ్చు. ఒక కొమ్మను చేర్చినా, తుడిచినా చిత్రం పోటీకి పనికిరాదు. గెలిచే దశకు వచ్చినవారిని దిద్దని మూల చిత్రం పంపమని అడుగుతారు.

అయినా ఆ పోటీ చరిత్రలో పెద్ద అపఖ్యాతులు దిద్దుబాటు వలన వచ్చినవి కావు. 2009లో మొదటి బహుమతి పొందిన చిత్రంలో తోడేలు ఒక కంచె దూకుతూ ఉంటుంది. అది అడవి తోడేలు కాదని, మచ్చిక చేసినదై ఉండవచ్చునని నిర్ణయించి 2010 జనవరిలో బహుమతిని రద్దు చేశారు. 2018లో మరొక చిత్రం పోయినది. అందులోని చీమలుతినే జంతువు బొమ్మగా నింపిన కళేబరమని నిపుణులు తేల్చారు. రెంటిలోను అసత్యం షట్టరు నొక్కకముందే జరిగిపోయినది. కంప్యూటరు ముందు ఎంత నిజాయితీగా కూర్చున్నా ఆ లోటు తీరదు.

సింగళీకం విషయంలో ఈ ప్రలోభం మరీ బలమైనది. చీకట్లో ఉన్న జంతువును వెలుతురులోకి రప్పించే సులభోపాయం ఒకటి ఉన్నది, ఒక అరటిపండు. తమిళనాడులోని ఆనైమలై కొండలలో, నలభై మెలికలు తిరిగిన ఘాటురోడ్డు పైన, వాల్పారై అనే ఊరున్నది. చుట్టూ కనుచూపు మేర తేయాకు తోటలు. వాటి నడుమ ద్వీపాలవలె మిగిలిన అడవి ముక్కలు. పుదుత్తోట్టం అనే అటువంటి ముక్కలో సింగళీకాల మంద ఒకటి ఉన్నది. తోటలు అడవిని ముక్కలు చేసినందువలన, మనుషులు విసిరే తిండి రుచి మరిగినందువలన, చెట్టు దిగని ఈ జాతి అక్కడ రోడ్డు మీదికి వస్తుంది. పర్యాటకులు కారు ఆపుతారు, పండు చూపుతారు. కోతి చక్కని వెలుతురులో, చేతికందే దూరంలో కూర్చొంటుంది. చిన్న కెమెరాతోనైనా కన్ను, జూలు, మీసపు వెంట్రుక సహా వస్తాయి. ఆ కారు పోయిన తరువాత వచ్చే కారు ఆగకపోవచ్చు. ఆ రోడ్డు మీద చక్రాల క్రింద పడి సింగళీకాలు చనిపోయిన మాట వాస్తవం. మనుషుల జలుబు, దగ్గులు కోతులకు అంటుతాయన్న సంగతి కూడ చేయి చాపి పండు ఇచ్చేవారికి స్ఫురించదు.

అలా తీసిన చిత్రాన్ని ఇంటికి తెచ్చి, అడుగున కనబడే తారురోడ్డును కత్తిరించివేస్తే, మిగిలేది పచ్చని ఆకుల ముందు కూర్చున్న కోతి. ఏ పోటీ నియమమూ అంచు కత్తిరించడాన్ని తప్పు పట్టదు. ఒక్క వెంట్రుక చేర్చలేదు, ఒక్క కొమ్మ తుడవలేదు. అయినా నీడను మూడు మెట్లు లేపిన చిత్రం కంటె ఈ కత్తిరింపు ఎక్కువ అబద్ధం చెబుతున్నది. చూచినవాడు ఈ జంతువు ఇంత చేరువకు, ఇంత నిర్భయంగా వస్తుందని నమ్ముతాడు, తానూ ఒక పండు పట్టుకొని బయలుదేరుతాడు. ప్రపంచ ప్రకృతి సంరక్షక సంఘానికి చెందిన వానర నిపుణులు 2021లో ఈ చిత్రాలకోసమే కొన్ని నియమాలు ప్రకటించారు. మనిషీ వానరమూ ఒకే చిత్రంలో ఉంటే వాటి మధ్య కనీసం 7 మీటర్ల ఎడం కనబడాలని, చేతిలో తిండి ఉండరాదని అందులో చెప్పారు.

వాల్పారై ప్రాంతంలో పరిశోధకులు, అటవీశాఖవారు కలిసి రోడ్డుకు అటూ ఇటూ ఉన్న చెట్లను కలుపుతూ గాలిలో వంతెనలు కట్టించారు. క్రింద బస్సులు పోతూ ఉండగా సింగళీకాలు వాటి మీదుగా దాటుతాయి. పిల్లలు తల్లుల పొట్టను కరచుకొని ఉంటాయి. అక్కడికి వచ్చే ఛాయాగ్రాహకులలో చాలమందికి ఆ వంతెన కంటికి నచ్చదు. చిత్రం పాడైనదని విసుక్కొని, అది చట్రంలో పడకుండా ప్రక్కకు జరుగుతారు. కొందరు ఇంటికి వచ్చి దానిని చెరిపివేస్తారు. ఆ వంతెన మీద, వెనుక తెల్లని ఆకాశంతో, మబ్బు పట్టిన ఉదయాన, మీటరు చెప్పిన దానికంటె రెండు మెట్లు ఎక్కువ పెట్టి తీస్తే సింగళీకపు ముఖం, జూలు, తోక కుచ్చు, వంతెన అన్నీ కనబడతాయి.